తొమ్మిది సెకన్ల మాట

మా అపార్ట్‌మెంట్లో అప్పలరాజుకు ద్రోహి అనే బిరుదు ఇచ్చింది ఏప్రిల్ ఆరో తారీఖు బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు. అప్పటికి అతను ఏ ద్రోహమూ చెయ్యలేదు. చేసేలా ఉన్నాడని ఫోన్ చెప్పింది. మేం నలభై ఎనిమిది ఫ్లాట్ల వాళ్లం. అందరం చదువుకున్నవాళ్లం. పాల ప్యాకెట్ మీద తారీఖును రెండుసార్లు చూసి కొనేవాళ్లం. ఫోన్ చెప్పిన ఈ ముక్కను మాత్రం ఒక్కసారి కూడా తిప్పి చూడకుండా నమ్మేశాం.

తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు వాళ్లమీద, తర్వాత నామీద. ఆ వరస మార్చుకోవాలని ప్రయత్నిస్తున్నాను.

మాది గాజువాక దగ్గర ఓ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. ఆ ఏడాది అందరికీ పట్టుకున్న పిచ్చి ‘దుర్గం’ అనే ఫోన్ ఆట. ఇందులో ఒక్కొక్కరికి ఒక కోట ఉంటుంది. ధాన్యం పండించాలి, గోడలు పెంచాలి, సైన్యాన్ని మేపాలి. ఒంటరివాడి కోట వారం తిరిగేసరికి బూడిదవుతుంది. అందుకని అరవై మంది కలిసి కూటమి కడతారు. మా కూటమి పేరు సాగర సింహాలు. అందులో ఇరవై రెండు మంది మా అపార్ట్‌మెంట్ సింహాలు. మిగతావాళ్లు ఈ సింహాల బావమరుదులు.

కూటమి అధిపతి చిట్టూరి పాపారావు గారు. రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు. అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. రిటైరయ్యాక ఆయన చేతికి దొరికిన మొదటి రాజ్యం ఇది. యుద్ధానికి రాలేనివాళ్లు ముందురోజే గ్రూపులో సెలవు చీటీ పెట్టాలి. ‘మా తోడల్లుడి గృహప్రవేశం కారణంగా రేపటి ముట్టడికి హాజరు కాలేకపోతున్నానని విన్నవించుకుంటున్నాను’ అని ఒకాయన పెట్టాడు. ‘అనుమతించడమైనది. సైన్యాన్ని మాత్రం పంపవలెను’ అని పాపారావు గారు రాశారు. నవ్వొచ్చినా ఈ పద్ధతి వల్లే మేం తూర్పు మండలంలో మూడో స్థానానికి ఎక్కాం. అందరూ ఒకే నిమిషంలో బయల్దేరి, ఒకే నిమిషంలో శత్రువు గోడ మీద పడాలి. అరవై సైన్యాల్లో ఒక్కటి సగం దారిలో వెనక్కి తిరిగినా మిగతా యాభై తొమ్మిది చస్తాయి. అందుకే ఈ ఆటలో బలం కన్నా మాట ముఖ్యం.

ఇంకొకటి కూడా ముఖ్యం. అది నియమాల్లో ఉండదు. దాన్ని కోట కాపలా అంటారు. ఒకడు పనిలో ఉన్నప్పుడు అతని కోటను ఇంకొకడు ఆడిపెట్టడం. దొరికితే ఇద్దరి కోటలూ తీసేస్తారని ఆట కంపెనీ హెచ్చరిక. కనక అందరూ చేస్తారు, ఎవరూ చెప్పరు.

మూడో అంతస్తులో మూడు వందల నాలుగులో అద్దెకుండే పిల్లా అప్పలరాజుది మా కూటమిలో అన్నిటికన్నా పెద్ద కోట. అతను పనిచేసేది ఓ రసాయనాల కర్మాగారంలో. నిప్పురవ్వ భయం కొద్దీ అక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. పొద్దున్న ఎనిమిదికి లోపలికి వెళ్తే మళ్లీ ఐదింటికి గాని లోకం కనపడదు. యుద్ధాలేమో మధ్యాహ్నం మూడింటికి. నేనేమో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. ఏ శాఖో చెప్పను, ఆ శాఖకే గుర్తున్నట్టు లేదు. పదకొండు నుంచి నాలుగు దాకా నా చేతులు ఖాళీ. దాంతో అప్పలరాజు కోటకు కాపలా నేనే. నా ఫోన్లో అతని కోట తెరిచి ఆడేవాణ్ని.

“ఎవులికీ సెప్పకండి బాబూ” అన్నాడు పాస్‌వర్డ్ ఇచ్చిన రోజున.

“నువ్వూ చెప్పకు. ఆఫీసు టైములో ఆట ఆడుతున్నానని తెలిస్తే నా మీద విచారణ పడుతుంది.”

“నా నోట రాదు. మాటంటే మాటే.”

మరి నా సొంత కోట? దాన్ని మా అత్తగారు సుందరమ్మ గారు ఇంట్లో ట్యాబ్ మీద ఆడేవారు. సీరియల్ మూడున్నరకు. ఈలోపు ఖాళీగా ఎందుకని. అలా ఒకరి రాజ్యం ఒకరు ఏలుకుంటూ హాయిగా ఉన్నాం.

ఇంతలో మా ఆవిడ కనిపెట్టిన వస్తువు ఆటలోకి వచ్చింది.

మా ఆవిడ కాత్యాయని ఓ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఆరేళ్లు కష్టపడి ఒక గాజు పలక తయారుచేసింది. దానిమీద బొటనవేలు ఆనించి తొమ్మిది సెకన్లు ఉంచితే చాలు. వణుకుడు జబ్బు రాబోతుంటే, చెయ్యి కంటికి కనపడేలా వణకడానికి ముందే పట్టేస్తుంది. ఒకసారి కారియర్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. ఓ పెద్దాయన పలక మీద వేలు పెట్టి కూర్చున్నాడు. పక్కన తెరమీద ఆకుపచ్చ గీత నిదానంగా సాగుతోంది.

“తొమ్మిదే ఎందుకు? పది పెడితే లెక్క సుఖంగా ఉండేది కదా?” అన్నాను.

“ఎనిమిది సెకన్ల దాకా మనిషి తన చేతిని అదుపులో పెట్టుకోగలడండీ. తొమ్మిదో సెకనులో చెయ్యి తన సంగతి తనే చెప్పేస్తుంది” అంది.

అంతలోనే పెద్దాయన గీత చివర్న సన్నగా జలదరించింది. కాత్యాయని ఆయన వేలు మీద చెయ్యి వేసి, “తొందరగా వచ్చారు తాతగారూ, మంచి పని చేశారు” అంది. నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు. నాకేం జబ్బు లేదు కదా మరి, అనుకున్నాను.

ఏడాది తర్వాత ప్రయోగశాలకు పైనుంచి వచ్చే సాయం ఆగిపోయింది. జబ్బులు ముందుగా తెలిసినంత మాత్రాన ఎవరికీ ఏమీ లాభం లేదని ఒక కమిటీ తేల్చింది. అప్పుడొచ్చాడు ఆకర్ష్, ‘దుర్గం’ కంపెనీ తరఫున, తెల్లటి బూట్లు వేసుకుని. పలక ఎందుకు, ఫోన్ తెర చాలు అన్నాడు. యుద్ధానికి అరగంట ముందు ప్రతివాడూ ‘మాట ఇస్తున్నాను’ అనే గుర్తు మీద వేలు పెట్టి తొమ్మిది సెకన్లు ఉంచాలి. వేలు తడబడితే ఆ మనిషి మాట తప్పుతాడు. పదివేల మంది మీద చూశాం, ఏడువేల మంది విషయంలో నిజమైంది అన్నాడు.

“మిగతా మూడువేల మంది?” అని అడిగింది కాత్యాయని.

“వాళ్లు ఇంకో ఆట ఆడుకుంటారు మేడమ్.”

ఆమె పదిహేను రోజులు ఒప్పుకోలేదు. పదహారో రోజున, ఆకర్ష్ ఇచ్చేదానితో పలక దగ్గరకు వచ్చే రోగులను ఇంకో మూడేళ్లు చూడొచ్చని లెక్క తేలింది. ఒక్క షరతు పెట్టింది. ఆటలో నమోదయ్యే గీతలన్నీ తన ప్రయోగశాలకూ రావాలి. ఆకర్ష్ దానికేం అన్నాడు. వాళ్లకు గీతలతో పనిలేదు. అంకెలు చాలు.

ఆ అంకెకు ‘నిలకడ’ అని పేరు పెట్టారు. ఏప్రిల్ మొదట్లో ప్రతి పేరు పక్కనా వందకు ఇన్నని కనపడటం మొదలైంది. మూడు రోజుల్లో అది ఆట దాటి మెట్లెక్కింది. రెండో అంతస్తు శేషారత్నం గారు తన చెల్లెలి కూతురికి వచ్చిన సంబంధం గురించి, “కుర్రాడికి ఎంబీయే ఉందండీ, నిలకడ మాత్రం అరవై ఒకటే” అని బాధపడ్డారు. పనమ్మాయి కావాలన్నవాళ్లు ఆమె నిలకడ అడిగారు. ఆమె దగ్గర మామూలు ఫోన్ ఉంది, ఆట లేదు. దాంతో ఆమెను అనుమానాస్పదురాలిగా తేల్చారు. వందకు తొంభై పైన ఉన్నవాళ్లు లిఫ్టులో ముందు ఎక్కేవారు.

నా పేరు పక్కన తొంభై నాలుగు. మా అత్తగారు నలభై ఏళ్లు అప్పడాలు ఒత్తిన మనిషి. ఆవిడ వేలు పెడితే తొమ్మిది సెకన్లు కాదు, సీరియల్ అయ్యేదాకా కదలదు. అపార్ట్‌మెంట్‌లో జనం నాకు నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. నేను తీసుకున్నాను.

అప్పలరాజు పేరు పక్కన ఇరవై ఏడు.

ఆరో తారీఖున ఆఫీసులో కూర్చుని అతని కోట ధాన్యం సర్దుతున్నాను. మూడు గంటల పది నిమిషాలకు తెరమీద ముక్క వచ్చింది. ‘నిలకడ లోపించిన కారణంగా మిమ్మల్ని కూటమి నుండి తొలగించడమైనది. సంజాయిషీ అవసరం లేదు. చిట్టూరి పాపారావు, అధిపతి.’ తొలగింపు అందుకోవాల్సిన మనిషి కర్మాగారంలో బాయిలర్ పక్కన ఉన్నాడు. అందుకున్నది నేను. ఆ వేలు నాది. ఆ ఇరవై ఏడు నాది. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు.

సాయంత్రం మెట్ల మీద అప్పలరాజు ఎదురయ్యాడు. చేతిలో హెల్మెట్.

“బాబూ, నన్నెందుకు తీసేసినారంట?”

“నిలకడ ఇరవై ఏడు వచ్చిందట.”

“ఎవులికి?”

నేను మెట్ల పక్క గోడకున్న ‘ఉమ్మి వేయరాదు’ బోర్డును శ్రద్ధగా చదివాను.

“ఆ ఏలు మీది గదా” అన్నాడు మెల్లిగా.

“నాదే అనుకో.”

“మరి నాకెలగొచ్చీసింది ఇరవై ఏడు?”

“నాలుగు రోజులు ఆగు అప్పలరాజూ. చూద్దాం.”

నాలుగు రోజులు ఆగు అన్నది మా తరగతి వాళ్ల మూలమంత్రం. దాంతో మేం ఎన్నో గండాలు దాటాం. ఆ గండాలు వేరేవాళ్లవి అయినప్పుడు మరీ సులువుగా దాటతాం.

అప్పలరాజు హెల్మెట్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “సర్లెండి. నాను సెప్తే మీ ఉజ్జోగం మీదికొస్తాది. మాటిచ్చీసినాను గదా, నా నోట రాదు. మీరే సెప్పండి, ఈలు సూసుకుని” అని పైకి వెళ్లిపోయాడు.

నాకు వీలు దొరకలేదు. గురువారం మంచిది కాదనిపించింది. శుక్రవారం పాపారావు గారికి జలుబు. శనివారం ఉత్తర ద్వారం మీద యుద్ధం. ఆ ద్వారానికి ఆరు నెలలుగా అడ్డం నిల్చుంది అప్పలరాజు కోట. అది లేకపోయేసరికి శత్రువులు తలుపు తీసిన ఇంట్లోకి చుట్టాలొచ్చినట్టు వచ్చారు. పన్నెండు కోటలు పోయాయి. పాపారావు గారి కోట నేలమట్టమైంది.

ఇంకెవరైనా అయితే ఇది తాము చేసిన తప్పని అనుకుంటారు. మా గ్రూపులో మాత్రం సాయంత్రానికి ఈ మెసేజ్ వచ్చింది. ‘చూశారా, అప్పలరాజు లేకపోవడం వల్లనే ఓడిపోయాం. సమయానికి లేకుండా పోయేవాడే కదా ద్రోహి. ఫోన్ ముందే చెప్పింది.’ దానికి నలభై ఒక్క చప్పట్లు. నేను కూడా ఒకటి పెట్టాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు కదా.

తర్వాతి మెట్టు వాళ్లే ఎక్కారు. కూటమికి ద్రోహం చేసినవాడు అపార్ట్‌మెంట్‌కు చెయ్యడని నమ్మకం ఏమిటి? గ్యాస్ సిలిండర్లున్న చోట, ఆడపిల్లలున్న చోట? అసలే అద్దెకున్నవాడు. మూడు వందల నాలుగు యజమానురాలు అనకాపల్లిలో ఉంటుంది. అతన్ని ఖాళీ చేయించమని సంఘం తరఫున ఆమెకు ఉత్తరం రాయాలని, ఇరవై నాలుగో తారీఖు ఆదివారం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చెయ్యాలని నోటీసు అంటించారు. అప్పలరాజు భార్య నూకాలమ్మ ఆ బిల్డింగులో సగం మందికి జాకెట్లు కుడుతుంది. నోటీసు పడిన సాయంత్రం ఆమె తలుపు దగ్గర ఆడవాళ్ల వరస కనపడితే, పోనీ ఇంత మంచితనమైనా ఉందే మన వాళ్లలో అనుకున్నాను.

“మా ఉప్పాడ చీర మీదది అయిపోయిందా నూకాలూ? ఆదివారం లోపు ఇచ్చెయ్యమ్మా” అంటున్నారు శేషారత్నం గారు.

ఇరవయ్యో తారీఖున కాత్యాయని ప్రయోగశాల నుంచి పెందలాడే వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

“మన మూడు వందల నాలుగు అప్పలరాజు గీతలు చూశానండీ ఇవాళ. అది మాట తప్పే వేలు కాదు.”

“మరి?”

“నేను ఆరేళ్లుగా వెతుకుతున్న గీత. తొమ్మిదో సెకనులో జలదరింపు. తీసెయ్యక ముందు నమోదైన ప్రతిరోజూ ఒకేలా ఉంది. ఆ మనిషికి వైద్యం కావాలి. వీళ్లు వెలివేత ఇచ్చారు.” ఆమె గొంతు పెరిగింది. “రోగం రాబోతోందని చెప్పే వస్తువు తయారుచేస్తే, దాంతో మనుషుల్ని బయటికి గెంటుతున్నారు! సంతకం పెట్టింది నేను. బుద్ధి ఉండాల్సింది నాకు.”

“ఆవేశపడకే. మంచినీళ్లు తాగు” అన్నారు అత్తగారు.

నాకూ ఒక గ్లాసు కావాలనిపించింది. అడగలేదు.

వెంటనే పలక తీసుకుని మూడు వందల నాలుగుకు వెళ్దాం పదండి అంది. వెళ్లాను. అప్పలరాజు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. కాత్యాయని అతన్ని కూర్చోబెట్టి, “ఏం లేదు తమ్ముడూ, దీనిమీద వేలు పెట్టు” అంది. పెట్టాడు. తొమ్మిది సెకన్లు. గీత రైలు పట్టాలా సాగింది. ఎడమ చెయ్యి పెట్టమంది. మళ్లీ అదే. ఇంకోసారి, ఇంకోసారి. పదిహేనేళ్లుగా కర్మాగారంలో కవాటాలు తిప్పుతున్న చెయ్యి అది. కొండైనా కదలొచ్చేమో గానీ ఆ వేలు కదల్లేదు.

కాత్యాయని తెర ఆపేసింది. “ఇది ఆ వేలు కాదు” అంది. “మధ్యాహ్నం పూట నీ కోట ఎవరాడతారు తమ్ముడూ?”

నూకాలమ్మ కుట్టుమిషన్ ఆపింది. అప్పలరాజు నావైపు చూడలేదు. నావైపు చూడకుండా ఉండటానికి అతను పడిన కష్టం నాకు కనపడింది. సీలింగ్ ఫ్యాన్ వైపు, కిటికీ వైపు, చివరికి తన పాదాల వైపు చూశాడు.

“అది సెప్పలేనమ్మా. మాటిచ్చినాను.”

“నిన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు. తెలుసా?”

“తెలుసమ్మా.”

“ఆ మనిషి ఎవరో నాకు కావాలి. నీ కోసమే కాదు. ఆ మనిషికి జబ్బు మొదలైంది. అతనికి తెలియదు. ఎంత ముందు తెలిస్తే అంత మంచిది.”

అప్పుడు అప్పలరాజు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందనుకుంటారు. కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ని.

“ఆరికి తెలిసిపోద్దిలెండమ్మా. ఆరే వొస్తారు” అన్నాడు.

మర్నాడు పొద్దున్న కాత్యాయని స్నానానికి వెళ్లినప్పుడు, భోజనాల బల్ల మీదున్న పలక ముందు కూర్చున్నాను. వేలు పెట్టాను. ఒకటి, రెండు, మూడు. గీత బుద్ధిగా నడిచింది. ఎనిమిది దాకా నేను ఆడిన అబద్ధాలన్నిటికన్నా నున్నగా ఉంది. తొమ్మిదో సెకనులో జలదరించింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఏడాదిగా ఎందుకంత సేపు పడుతోందో, ఫైళ్ల మీద నా రాత రోజురోజుకీ చీమల బారులా ఎందుకు చిన్నదవుతోందో అర్థమైంది. గుండీలు ఆ దర్జీ తప్పనుకున్నాను. రాత విషయంలో ప్రభుత్వ కాగితం పొదుపు చేస్తున్నాననుకుని కాస్త గర్వపడ్డాను కూడా.

పలక మీద వేలిముద్రను తువ్వాలుతో తుడిచి ఆఫీసుకు వెళ్లిపోయాను. అది ఇరవై ఒకటో తారీఖు. ఇరవై రెండు వెళ్లింది. ఇరవై మూడు వెళ్లింది.

ఆదివారం సమావేశం సెల్లార్‌లో, కార్ల మధ్య. ప్లాస్టిక్ కుర్చీలు, బిస్కెట్లు, ఒక మైకు. ముప్పై అడుగుల దూరంలో కూర్చున్న జనానికి మైకు ఎందుకో తెలియదు. పాపారావు గారికి మైకు లేకపోతే మాట రాదు. మొదటి అంశం ట్యాంకు శుభ్రం చేయించడం. రెండోది మూడు వందల నాలుగు. మూడోది, నూటికి తొంభై నాలుగు నిలకడ గల విశ్వపతి గారిని, అంటే నన్ను, సంఘం కార్యదర్శిగా ఎన్నుకోవడం.

అప్పలరాజు, నూకాలమ్మ వెనక స్తంభం దగ్గర నిలబడ్డారు. అద్దెకున్నవాళ్లకు కుర్చీలు వెయ్యలేదు.

“రెండో అంశం” అన్నారు పాపారావు గారు. “ఇందులో వ్యక్తిగత ద్వేషం ఏమీ లేదు. అంకె ఇరవై ఏడు. అంకె ముందు నేనెంత, మీరెంత! అభ్యంతరాలుంటే చేతులెత్తండి.”

కాత్యాయని చెయ్యెత్తింది. “నాకుంది. ఆ అంకె తప్పు. తయారుచేసిన మనిషిగా చెబుతున్నాను. అది అప్పలరాజు వేలే కాదు.”

“మరెవరిదమ్మా?”

“అది అతను చెప్పడంలేదు.”

“చూశారా, దాచిపెడుతున్నాడు! ఇదే నిలకడ లేకపోవడమంటే” అన్నారు శేషారత్నం గారు.

ఆ ముక్కతో నాకు కూర్చోవడం కష్టమైంది. అంతకుముందు పద్దెనిమిది రోజులు కూర్చున్నానని మర్చిపోకండి. లేచాను. ముందు మోకాళ్లు లేచాయి, తర్వాత నేను.

“ఆ వేలు నాది.”

సెల్లార్‌లో ఎవరో బిస్కెట్ కొరుకుతున్న చప్పుడు ఆగింది.

“అప్పలరాజు కోటకు మధ్యాహ్నం కాపలా నేను. ఆఫీసులో కూర్చుని ఆడతాను. మొదటి రోజు నుంచీ ఇరవై ఏడు నాదే. అతనికి తెలుసు. నాకూ తెలుసు.”

“మరి మీ తొంభై నాలుగు?” అన్నారు పాపారావు గారు, కాగితం చూసుకుంటూ.

“అది నాది నాయనా” అన్నారు మా అత్తగారు ముందు వరసలోంచి. “మా అల్లుడుగారిది నేనే నొక్కుతాను. ఏం, తప్పా? మీ కోట మీ కోడలు నొక్కడం లేదూ? నిన్న లిఫ్టులో నాకే చెప్పింది.”

ఆ తర్వాత పది నిమిషాల పాటు జరిగింది నేను జన్మలో మర్చిపోను. మూడో వరస ఆయనది వాళ్లావిడ. వాళ్లావిడది వాళ్ల తమ్ముడు. శేషారత్నం గారి ఎనభై ఎనిమిది పార్వతీపురంలో ఉన్న ఆడపడుచుది. నలభై ఎనిమిది ఫ్లాట్లలో ఫోన్ మీద తన వేలే పెట్టిన మొనగాడు ఒక్కడూ లేడు. మా ఇళ్లలో ఫోన్ అనేది మంచినీళ్ల బిందెలాంటిది, ఎవరికి దాహమైతే వాళ్లు ముంచుకుంటారు. ఒక ఫోన్‌కు ఒకే మనిషి ఉంటాడని అనుకున్న ఆకర్ష్, ఎప్పుడూ మా ఇళ్లలో భోంచేసి ఉండడు.

ఎవరైనా సిగ్గుపడతారేమోనని చూశాను. పాపారావు గారు గొంతు సవరించుకున్నారు.

“అయితే తొలగింపు ఉత్తర్వులో పేరు సవరించాలి. అప్పలరాజు బదులు విశ్వపతి. కార్యదర్శి పదవికి సుందరమ్మ గారిని...”

“ఛీ!” అంది కాత్యాయని.

మైకు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది. ఆమె కుర్చీల మధ్యలోంచి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుంది. బొటనవేలును రెండు వేళ్లతో తిప్పి చూసింది. నన్ను కాదు, వేలినే చూసింది. “ఎప్పట్నుంచి తెలుసు?” అంది.

“జబ్బు సంగతి గురువారం నుంచి.”

“మిగతాది?”

“ఆరో తారీఖు నుంచి.”

ఆమె చెయ్యి వదల్లేదు. వదిలేస్తే బాగుండేది. జనం వైపు తిరిగింది. “నా భర్తకు వణుకుడు జబ్బు మొదలవుతోంది. మీ అంకె పట్టుకున్నది దాన్ని. మీరు ఈ అంకెతో ఒక కుటుంబాన్ని రోడ్డు మీదికి పంపుదామని బిస్కెట్లు తెప్పించుకున్నారు. తీర్మానం చింపుతారా, నన్ను చింపమంటారా?”

పాపారావు గారు తీర్మానాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. చింపలేదు. ‘వాయిదా’ అని రాసుకున్నారు. కాగితం చింపడం ఆయన సర్వీసులోనే లేదు.

మర్నాడు కాత్యాయని ఆకర్ష్‌కు ఫోన్ చేసి నిలకడ తీసెయ్యమంది. స్పీకర్‌లో పెట్టింది, నేనూ విన్నాను. అతను చాలా విచారం వెలిబుచ్చాడు. జబ్బున్నవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తే నిలకడకు పన్నెండు మార్కులు కలిపే ఏర్పాటు చేస్తామన్నాడు. “అప్పుడు సార్‌కు ముప్పై తొమ్మిది వస్తుంది మేడమ్” అని నాకు శుభాకాంక్షలు చెప్పాడు. కాత్యాయని ఆ మధ్యాహ్నమే ఒప్పందం రద్దు చేస్తూ ఉత్తరం పంపింది. ప్రయోగశాలకు తాళం పడింది. ఆటలో నిలకడ మాత్రం ఇంకా ఉంది. ఫార్ములా వాళ్ల దగ్గర ఉండిపోయింది మరి.

ఆస్పత్రికి వెళ్లొచ్చాం. మందులు మొదలయ్యాయి. తొందరగా వచ్చారు, మంచి పని చేశారు అన్నాడు డాక్టరు. అది మాత్రం నిజం. మందుల చీటీ తీసుకుని బయటికొస్తూ కాత్యాయనిని అడిగాను.

“మాట తప్పుతానని ఫోన్ అన్నది నిజమే కదా? పద్దెనిమిది రోజులు నోరు విప్పలేదు. అది జబ్బు వల్లా, నా వల్లా?”

“వణుకు జబ్బుది” అంది ఆమె. “మిగతాదానికి మందు లేదు. నన్నడక్కండి.”

నెలాఖరున అప్పలరాజు ఇల్లు ఖాళీ చేశాడు. ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. శేషారత్నం గారైతే ఇంకో రెండు జాకెట్లు కూడా ఇచ్చారు. నూకాలమ్మ కుట్టకుండానే వెనక్కి ఇచ్చేసింది.

నేను కిందికి దిగేసరికి వ్యాను దగ్గర సామాన్లు సర్దుతున్నాడు.

“ఉండిపోవచ్చు కదా అప్పలరాజూ. అంతా తేలిపోయింది కదా.”

“తేలింది బాబూ. ఎవులు ఏటో మాకూ తేలిపోయింది” అన్నాడు. “మీరు సెప్పినారు, మంచిదే. మొదటి రోజునే సెప్పుంటే మా ఆడది పద్దెనిమిది రోజులు తలొంచుకుని మెట్లు దిగీది కాదు. నానైతే మాటిచ్చీసినాను. అదేటి చేసిందని?”

ఈసారి చదువుకోవడానికి బోర్డు కూడా లేదు.

పైనుంచి ఇనప బీరువా దింపాలి. వ్యాను డ్రైవరు, అతను, ఇంకొకరు కావాలి. బాల్కనీల్లోంచి సాగర సింహాలు చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. నేను వెళ్లి బీరువా ఒక మూల పట్టుకున్నాను. రెండో అంతస్తు మలుపు దగ్గర నా కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. బీరువా తలుపు గడగడలాడింది.

అప్పలరాజు ఆగి నా చెయ్యి వైపు చూశాడు.

“ఎడంచేత్తో పట్టుకోండి బాబూ” అన్నాడు. “బరువు నావైపు ఒగ్గీండి.”

నేను చెయ్యి మార్చుకున్నాను. బరువు అతని మీదకు జారింది. అలాగే మెట్లు దిగాం.